చవక బీరు కిట్ కొనొచ్చా? తప్పు డబ్బాదా, మనదా?

ఇంట్లోనే బీరు చేసుకోవడానికి సూపర్‌మార్కెట్ వాళ్లు సొంత లేబుల్ వేసి అమ్మే కిట్ ఒకటి, దాని పక్కనే అంతకు రెండు మూడింతల రేటున్న పేరున్న కంపెనీ కిట్ ఇంకొకటి. రెండిటి మీదా ఒకటే మాట: 23 లీటర్ల బీరు. అలాంటప్పుడు ఎక్కువ పెట్టి కొనడం ఎందుకని అడిగితే, ఒకరేమో "ఆ చవకది నోట్లో పెట్టుకోలేం, దాని జోలికి పోకు" అంటారు, ఇంకొకరేమో "నేను ఏళ్ల తరబడి అదే వాడుతున్నా, బ్రహ్మాండంగా ఉంటుంది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బాలో ఉన్న చిక్కటి మాల్ట్ పాకం చాలావరకు మంచిదే. మూత కింద దాచిన ఈస్ట్ ప్యాకెట్, లేబుల్ వెనకాల అచ్చేసిన సూచనలు, ఆ సూచనల్లో కలపమని చెప్పే కిలో పంచదార, కొంప ముంచేవి ఈ మూడూ. అందుకని చవక కిట్‌ని "అన్నీ అమరిన బీరు" అనుకుని కొంటే డబ్బు దండగ, మాల్ట్ డబ్బా అనుకుని కొంటే మంచి బేరం.

అసలు ఆ డబ్బాలో ఏముంటుందో చాలామందికి తెలియదు, అదేదో పొడులూ రంగులూ కలిపిన కృత్రిమ సరుకు అనుకుంటారు. అలాంటిదేం కాదు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. దాన్ని పగలగొట్టి సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో నానబెడితే గింజలోని ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఆ తియ్యటి నీటిని వోర్ట్ అంటారు. చేదు కోసం దానికి హాప్స్ అనే తీగ పువ్వుల్ని, లేదంటే హాప్స్ నుంచి తీసిన సారాన్ని కలుపుతారు. మిగిలిన పని నీటిని తీసేయడం: గాలి ఒత్తిడి తగ్గించి, మరీ వేడెక్కకుండా ఆవిరి చేస్తూ పోతే నూటికి 80 వంతులు ఘనపదార్థం ఉన్న పాకం మిగులుతుంది. మనం ఇంట్లో చేసేదల్లా తీసేసిన నీటిని తిరిగి కలిపి, ఈస్ట్ వేయడం. అంటే బ్రూవరీలో జరిగే పనిలో కష్టమైన సగం ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తుందన్నమాట.

ఆ సగం పని చేయడానికి కావలసిన యంత్రాలు ఏ సూపర్‌మార్కెట్ దగ్గరా ఉండవు. ఆస్ట్రేలియాలో 1862లో మొదలైన కూపర్స్, ఇంగ్లండ్‌లోని మంటన్స్ లాంటి, మాల్ట్ పాకం పెద్ద ఎత్తున తీసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద కొన్నే. షాపు బ్రాండ్ డబ్బా కూడా ఎవరో ఒక మాల్ట్ కంపెనీ దగ్గర నింపించుకుని, పైన తమ లేబుల్ అంటించుకున్నదే. ఒకరకంగా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే, కాకపోతే ఇక్కడ చెట్టు పేరు చెప్పకుండా అమ్ముతారు. అంతమాత్రాన ఖరీదైన డబ్బా, చవక డబ్బా ఒకటేనని కూడా అనలేం, ఎందుకంటే ఒకే చోట నింపినా ఎవరి వంటకం వాళ్లది. తేడా తెలిసేది లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టికలో. అక్కడ మాల్ట్, హాప్స్, మహా అయితే నీళ్లు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. గ్లూకోజ్ సిరప్, రంగు కోసం క్యారమెల్ లాంటివి కనిపిస్తే మాత్రం మనం మాల్ట్ రేటు పెట్టి చక్కెర పాకం కొంటున్నట్టు లెక్క.

ఇక అసలు లెక్క. ఇది చూస్తే చవక కిట్‌కీ ఖరీదైన కిట్‌కీ తేడా ఎక్కడుందో అర్థమవుతుంది.

ద్రవం ఎంత చిక్కగా ఉందో కొలిచే హైడ్రోమీటర్ మంచినీళ్లలో 1.000 చూపిస్తుంది. నీళ్లలో చక్కెరలు ఎంత కలిస్తే అంత పైకి పోతుంది. మామూలు చవక డబ్బాలో సుమారు 1.7 కిలోల పాకం ఉంటుంది, దాన్ని మొత్తం 23 లీటర్లు అయ్యేలా నీళ్లతో కలిపితే దాదాపు 1.022 వస్తుంది. అంతే. దాన్ని అలాగే పులియబెడితే రెండు శాతం చిల్లర ఆల్కహాలుతో నీళ్ల బీరు తయారవుతుంది. అందుకే కిలో పంచదార వేయమంటారు, అది పడితే 1.039 దగ్గరికి చేరుతుంది. అంటే 1.000 మీద పెరిగిన ఆ 39 పాయింట్లలో 17 పంచదారవే! మీ బీరులో బలం నూటికి 40 వంతులకు పైగా బార్లీ నుంచి రాలేదు. పైగా పంచదార మొత్తం ఈస్ట్ తినేస్తుంది, నాలుక మీద ఏమీ మిగల్చదు, అందుకే ఆ బీరు పల్చగా, ఒట్టిపోయినట్టుగా ఉంటుంది. మాల్ట్ చక్కెరల్లో నాలుగో వంతు దాకా ఈస్ట్‌కి లొంగనివి ఉంటాయి, బీరుకి ఒళ్లు ఇచ్చేది అవే.

ఇప్పుడు ఖరీదైన కిట్ చూడండి. వాటిలో చాలావాటి బరువు 3 కిలోలు, పంచదార అక్కర్లేదని గొప్పగా రాసుంటుంది. ఆ 3 కిలోల పాకం 23 లీటర్లలో కలిపితే ఎంత వస్తుంది? అదే 1.039. చవక డబ్బా తీసుకుని పంచదారకి బదులు ఒక కిలో పొడి మాల్ట్ (నీరంతా తీసేసి పొడి చేసిన మాల్ట్ పాకం) కలిపితే 1.038. దాదాపు ఒకటే చోటికి వచ్చాం! ఖరీదైన కిట్‌కి మీరు అదనంగా కట్టేదాంట్లో పెద్ద వాటా ఆ ఎక్కువ మాల్ట్‌దే, మహిమ ఏమీ లేదు. కాబట్టి డబ్బా రేటుతో డబ్బా రేటు పోల్చకండి. చవక డబ్బా, కిలో పొడి మాల్ట్, వేరుగా కొన్న మంచి ఈస్ట్ ప్యాకెట్, ఈ మూడింటి మొత్తాన్ని ఖరీదైన కిట్ రేటుతో పోల్చండి. ఒక్కోసారి తేడా చాలా ఉంటుంది, ఒక్కోసారి ఏమీ మిగలదు, అలాంటప్పుడు ఖరీదైనదే తీసుకోవడం తెలివైన పని. పొడి మాల్ట్ వేస్తే ఆల్కహాలు ఓ అర శాతం తగ్గుతుంది, అది కూడా ఇక్కడే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

పంచదార గురించి ఒక్క మాట, ఎందుకంటే దాని మీద లేనిపోని నిందలు కూడా ఉన్నాయి. "పంచదార వేస్తే ఆపిల్ సైడర్ వాసన వస్తుంది" అని పాత కాపులందరూ అంటారు. నిజంగా పంచదారే దోషి అయితే బెల్జియం ట్రిపెల్ బీర్లన్నీ సైడర్ వాసన కొట్టాలి, వాటిలో చక్కెర వాడకం మామూలే, కొన్నిట్లో ఐదో వంతు దాకా ఉంటుంది. పంచదార చేసే నష్టం బీరుని పల్చన చేయడం, అంతవరకే. ఆ పచ్చి ఆపిల్ వాసనకి కారణం ఎసిటాల్డిహైడ్ అనే పదార్థం, ఈస్ట్ తన పని మధ్యలో తయారు చేసి చివర్లో తనే మళ్లీ శుభ్రం చేసుకోవలసినది. ఈస్ట్ చాలకపోయినా, నీరసంగా ఉన్నా, పని పూర్తికాకుండానే మనం తొందరపడి సీసాల్లో పోసేసినా అది అలాగే ఉండిపోతుంది. చవక కిట్ సూచనలు పాటిస్తే ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి, పేరు మాత్రం పంచదారకి వస్తుంది.

ఆ ప్యాకెట్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ప్లాస్టిక్ మూతకీ డబ్బాకీ మధ్య నలిగి ఉంటుంది, 5 నుంచి 7 గ్రాములు తూగుతుంది. పొడి ఈస్ట్ తయారీదారులు విడిగా అమ్మే ప్యాకెట్ 11 లేదా 11.5 గ్రాములుంటుంది, 20 లీటర్ల పైచిలుకు బీరుకి ఉద్దేశించింది అది. అంటే కిట్‌లో వచ్చేది దాదాపు సగం. పైగా ఈస్ట్ ప్రాణి, చల్లగా ఉంచితే చాలాకాలం ఉంటుంది, వేడికి చచ్చిపోతూ పోతుంది. ఈ ప్యాకెట్ ఏ గోదాములో ఎన్ని నెలలు ఉడికిందో, ఏ లారీలో ఎన్ని రోజులు తిరిగిందో ఎవరికీ తెలియదు. దాన్ని పారేయమని నేను అనను. మరిగే నీళ్లలో వేసి చంపేసి బకెట్లో పోసేయండి, బతికున్న ఈస్ట్‌కి అది మంచి మేత. అసలు పని మాత్రం వేరుగా కొన్న సాఫ్‌ఏల్ యూఎస్-05 లాంటి ప్యాకెట్‌తో చేయించండి. మొత్తం వ్యవహారంలో పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

"లాగర్" అని రాసున్న చవక డబ్బాలది ఇంకో తమాషా. చాలావాటి మూత కింద ఉండేది ఏల్ ఈస్ట్, అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే రకం బీరుకి వాడేది. అసలైన లాగర్ ఈస్ట్‌కి 10 నుంచి 14 డిగ్రీల చల్లదనం కావాలి, అది అందరి ఇళ్లలో కుదరదు కాబట్టి కంపెనీ వాళ్లు ఏ వేడికైనా పులిసే ఈస్ట్ పెట్టేస్తారు. వచ్చేది లేత రంగు ఏల్, పేరు మాత్రం లాగర్.

వేడి సంగతి వచ్చింది కాబట్టి నా సొంత గొడవ చెప్పాలి. మొదటిసారి ఇలాంటి షాపు బ్రాండ్ డబ్బా తెచ్చినప్పుడు సూచనల్లో ఉన్నది ఉన్నట్టు చేశాను. డబ్బాని పావుగంట వేడినీళ్లలో ఉంచి, మూత కోసి బకెట్లోకి వంపితే నల్లటి పాకం తాడులా సాగుతూ దిగింది, గరిటెకి అంటుకున్నదాన్ని నాకి చూస్తే ముందు తీపి, ఆ వెనకే గొంతులో చేదు. ఎంత బాగుందో. కిలో పంచదార, ప్యాకెట్ ఈస్ట్, గది మూల. సూచనల్లో 20 నుంచి 27 డిగ్రీలు అని ఉంది కదా అని గదిలో 25 చూసి సంబరపడ్డాను. రెండో రోజు బకెట్‌కి అంటించిన థర్మామీటర్ పట్టీ చూస్తే 29! ఈస్ట్ పనిచేస్తున్నప్పుడు తనే వేడి పుట్టిస్తుంది, బకెట్ లోపల గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఆరో రోజుకి గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి, సీసాల్లో పోసేశాను. రెండు వారాలాగి తాగితే పచ్చి ఆపిల్ వాసన, పల్చటి నీళ్లు, మింగాక గొంతులో స్పిరిట్ మంట. తెచ్చిన షాపుని నోటికొచ్చినట్టు తిట్టాను.

తర్వాత పంతానికి అదే బ్రాండ్ డబ్బా, అదే రకం ఇంకోటి తెచ్చాను. ఈసారి పొడి మాల్ట్, 11.5 గ్రాముల ఈస్ట్. బకెట్‌ని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, సీసాల్లో గడ్డకట్టించిన నీళ్లని పొద్దునా సాయంత్రం మార్చి వేస్తూ 19 డిగ్రీల దగ్గర పట్టి ఉంచాను. రెండు వారాలు ముట్టుకోలేదు. వచ్చింది అద్భుతమేం కాదు గాని, శుభ్రమైన, కొంచెం చేదున్న, రెండో గ్లాసు అడిగే బీరు. నాలుగు మార్పులు ఒకేసారి చేశాను కాబట్టి ఘనత దేనిదో అప్పుడు చెప్పలేకపోయాను. మూడోసారి పంచదారా, కిట్ ఈస్టూ మళ్లీ వాడి, చల్లదనం, రెండు వారాలు ఆగడం మాత్రం ఉంచాను. పల్చగానే ఉంది, కానీ ఆ మంటా, ఆ ఆపిల్ వాసనా చాలావరకు పోయాయి. అప్పటి నుంచి ఎవరైనా ఒక్కటే మార్చుకోగలం, ఏది మార్చాలి అంటే నేను ఈస్ట్ కన్నా ముందు చల్లదనమే చెబుతాను. దానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఓపిక చాలు.

డబ్బాదే తప్పు అయ్యే సందర్భం కూడా ఒకటుంది, పాత సరుకు. మాల్ట్ పాకం చెడిపోదు, కానీ ముసలిదవుతుంది. నెలలు గడిచేకొద్దీ దానిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ నెమ్మదిగా చర్య జరుపుకుంటూ రంగు ముదురుతుంది, రొట్టె కాలితే రంగు మారేది కూడా ఇలాంటి చర్య వల్లే. వేడి గోదాములో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. లేత బంగారు రంగులో రావలసిన బీరు రాగి రంగులో వస్తుంది, మాడిన బెల్లం పాకంలాంటి ఒక వెగటు రుచి వస్తుంది. కిట్ బీరు అలవాటున్నవాళ్లు ఒక్క గుక్కలో "ఇది కిట్‌దే" అని పట్టేస్తారే, ఆ రుచిలో సగం ఇదే. ఇది ఈస్ట్ మార్చినా పోదు, చల్లగా పులియబెట్టినా పోదు. అందుకని డబ్బా తిరగేసి అడుగున తేదీ చూడటం తప్పనిసరి. విచిత్రం ఏమిటంటే ఈ విషయంలో చవక డబ్బాకే మొగ్గు ఉండొచ్చు. గబగబా అమ్ముడయ్యే షాపు బ్రాండ్ కొత్తగా ఉంటుంది, ఎవరూ కొనని ఖరీదైన డబ్బా దుమ్ము పట్టి ఏడాదిగా అక్కడే కూర్చుని ఉంటుంది. గడువు దగ్గరపడిందని సగం రేటుకి పెట్టినవి చూసి ఆశపడకండి, స్టౌట్ అనే నల్ల బీరు అయితే తప్ప.

స్టౌట్ అయితే ఎందుకు పరవాలేదంటే, మాడ్చిన బార్లీ రుచి ముందు చిన్నాచితకా లోపాలు కనపడవు, రంగు ముదిరినా నలుపులో తేడా తెలియదు. చవక కిట్లలో మొదటిసారి ఏది తీసుకోవాలంటే నేను కళ్లు మూసుకుని స్టౌటే అంటాను, ఆ తర్వాత ముదురు రంగు ఏల్. లేత లాగర్ అన్నిటికన్నా తేలిక అనుకుని కొత్తవాళ్లు దాంతోనే మొదలుపెడతారు, నిజానికి దానిలోనే దాక్కోవడానికి చోటుండదు. ఇక హాప్స్ వాసనే ప్రాణమైన ఐపీఏ బీరు చవక డబ్బా కొనడం అనవసరం. హాప్స్ ఇచ్చే చేదు పాకంలో నిలుస్తుంది గాని, సువాసన ఇచ్చే నూనెలు ఆవిరి చేసేటప్పుడే ఎగిరిపోతాయి. లేబుల్ మీద ఎన్ని నారింజ పండ్ల బొమ్మలున్నా డబ్బాలో ఆ వాసన ఉండదు. అది కావాలంటే సాదా ఏల్ డబ్బా తీసుకుని, పులియడం దాదాపు అయిపోయాక ఓ 50 గ్రాముల క్యాస్కేడో, సిట్రానో లాంటి హాప్స్ బకెట్లో వేసి మూడు నాలుగు రోజులు ఉంచండి. అంతకన్నా ఎక్కువ అలంకారాలు చవక డబ్బాకి వద్దు. అన్నీ చేర్చుకుంటూ పోతే చవక అన్న మాటకే అర్థం ఉండదు, కిట్ వదిలేసి గింజలతో మొదలుపెట్టడమే నయం.

ఇంకో తేలికైన ఉపాయం, నీళ్లు తగ్గించడం. 23 లీటర్లకి బదులు 20 లీటర్ల దగ్గర ఆపితే అదే డబ్బా, అదే కిలో చక్కెర 1.045 చూపిస్తాయి, చేదు కూడా కాస్త పెరుగుతుంది. మూడు లీటర్లు పోగొట్టుకుని మిగతా ఇరవైని బాగుచేసుకోవడం నాకు నష్టంలా అనిపించదు. అలాగని రెండు డబ్బాలు ఒకే బకెట్లో వేసేయకండి, బలంతో పాటు చేదు కూడా రెట్టింపవుతుంది.

శుభ్రత గురించి సూచనల్లోనే సరిపడా రాస్తారు కాబట్టి ఒక్క వాక్యంలో పోనిస్తాను: కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు, రెండూ చేయాలి. వాళ్లు రాయనిది క్లోరిన్ సంగతి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మాల్ట్‌తో, ఈస్ట్‌తో కలిస్తే ఆసుపత్రి వాసన కొట్టే క్లోరోఫినాల్స్ పుడతాయి, అవి అతి కొద్దిగా ఉన్నా నాలుకకి దొరికిపోతాయి. క్లోరిన్‌ని విరిచేసే క్యాంప్‌డెన్ మాత్ర ఒక అర నలిపి నీళ్లలో వేస్తే బకెట్ మొత్తానికి సరిపోతుంది.

"ఇందులో మిథనాల్ వచ్చి కళ్లు పోతాయా" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. బార్లీ పులిస్తే అంత మిథనాల్ రాదు, ఆ భయం బట్టీ పెట్టి కల్తీ చేసే సారాది. అది వేరే వ్యవహారం, చట్టం కూడా వేరు. ఆ మాటకొస్తే బీరు విషయంలోనూ మీరున్న చోట చట్టం ఏమంటుందో ముందే చూసుకోండి, బ్రిటన్‌లోనే ఇంట్లో బీరు చేసుకోవడానికి 1963 దాకా లైసెన్సు కావాల్సి వచ్చేది, అమెరికాలో ఫెడరల్ చట్టం ఒప్పుకున్నది 1978లో.

నాకు నిజంగా కోపం తెప్పించేది సూచనల్లో ఉండే "ఆరేడు రోజుల్లో సీసాల్లో పోయండి" అన్న మాట. బుడగలు ఆగితే పులియడం అయిపోయినట్టు కాదు, మూత సరిగా బిగియకపోయినా బుడగలు ఆగుతాయి. హైడ్రోమీటర్ వరుసగా మూడు రోజులు ఒకే అంకె చూపించాలి, అదీ గుర్తు. కిట్ బీరైతే ఆ అంకె పంచదార వేసినప్పుడు 1.006 దరిదాపుల్లో, పొడి మాల్ట్ వేసినప్పుడు 1.010 దరిదాపుల్లో ఆగుతుంది. 1.018 దగ్గర ఉండగా సీసాల్లో పోసి, పైన గ్యాస్ కోసం లీటరుకి ఆరేడు గ్రాముల పంచదార కూడా వేసి మూత బిగిస్తే, లోపల గ్యాస్ పెరిగి పెరిగి గాజు సీసాలు పేలతాయి. మొదటిసారి చేసేవాళ్లు ప్లాస్టిక్ సీసాలు వాడండి, నొక్కి చూస్తే ఎంత బిగిసిందో చేతికే తెలుస్తుంది. ఆ తర్వాత రెండు వారాలు గది వేడిలో, ఇంకో రెండు మూడు వారాలు చల్లటి చోట.

డబ్బా పక్కకి సొట్టపోయి ఉంటే అతుకు చూసి తీసుకోవచ్చు. పైకి ఉబ్బి ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.